కొండ మీద పోస్టింగు వచ్చిన మేనకోడలికి

అమ్మలూ,

నీకు ముంచంగిపుట్టు వైపు పీహెచ్‌సీలో పోస్టింగు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం కంటే బెంగే ఎక్కువ వినిపించింది. "కొన్నాళ్లు కళ్లు మూసుకుంటే సర్వీసు కోటాలో పీజీ సీటు వస్తుందిలే అక్కా" అని తనకు తనే సర్దిచెప్పుకుంటున్నాడు. నేను ఊ కొట్టాను గానీ, ఇది కళ్లు మూసుకుని చేసే ఉద్యోగం కాదని నీకే రాద్దామనుకున్నాను. ఏజెన్సీ లేబర్ రూముల్లో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. మందుల మోతాదులు నాకంటే నీకే బాగా తెలుసు. నేను చెప్పేది వాటికి ముందు సంగతి.

మన రాష్ట్రం లెక్కలు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. 2018-20లో లక్ష జననాలకు దేశం మొత్తం మీద 97 మంది తల్లులు పోతే, ఆంధ్రాలో 45 మంది. ఇవి అబద్ధపు అంకెలేం కావు. కాకపోతే ఆ మిగిలిన మూడున్నర శాతం రాష్ట్రమంతా సమంగా పరుచుకుని లేదు. ఎక్కడ పోగుపడి ఉందో గర్భిణుల్ని డోలీలో మోసినవాళ్లనడుగు, చెబుతారు.

థాడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో ఒక వ్యాసం రాశారు, నువ్వు చదివే ఉంటావు. తల్లిని చంపేది మూడు ఆలస్యాలన్నారు: వెళ్దామా వద్దా అని ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రి గుమ్మం తొక్కాక వైద్యం అందడంలో ఒకటి. కొత్త డాక్టర్లు మూడోదొక్కటే తమదనుకుంటారు. కొండ మీద అలా అనుకుంటే కుదరదు. నొప్పులు మొదలయ్యాక వాగు పొంగితే ఫీడర్ అంబులెన్స్ బైకు కూడా అవతలే ఆగిపోతుంది. అందుకని నీ అసలు పని ఏడో నెలలోనే మొదలుపెట్టు.

ముందు తేదీలు సరిచూడు. ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డులో ఉన్న కాన్పు తేదీని గుడ్డిగా నమ్మకు. ఆఖరి ముట్టు ఎప్పుడమ్మా అంటే అక్కడ తారీఖు చెప్పరు, "ఇటుకల పండగకి ముందు" అంటారు. పండగ ఎన్నాళ్లు చేశారు, ముందంటే ఎంత ముందు అని ఓపిగ్గా అడిగి ఏఎన్‌ఎం లెక్క కట్టాలి. మొదటి మూడు నెలల్లో స్కాన్ అయితే ఈ తంటా సగం తీరుతుంది. తేదీ తప్పితే మిగతా ఏర్పాట్లన్నీ తప్పుతాయి.

తేదీ తేలాక, దారి లేని ఊళ్లవాళ్లని రెండు మూడు వారాల ముందే కిందికి తేవాలి. సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పెట్టిన గిరిశిఖర గర్భిణుల వసతి గృహం ఇందుకే. ఆలోచన మంచిదే, మంచాలూ భోజనం ఏర్పాటు చేశారు. మరి అందరూ ఎందుకు రారంటే, ఇంట్లో రెండేళ్ల పిల్లాడుంటాడు. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ల కోత, ఆ కూలి పోతే ఏడాది అప్పు తీరదు. తోడు వచ్చిన అత్తకి అన్నం ఎవరు పెడతారో తెలీదు. ఇవేవీ అడక్కుండా "చెప్పినా రావడం లేదు" అని రిజిస్టర్లో రాసి చేతులు దులుపుకున్నవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు మాత్రం పెద్దపిల్లాణ్నీ వెంట తెచ్చుకోమను, అత్తకీ భోజనం పెట్టించు. ఊళ్లో ముహూర్తాలు చెప్పే దిసారి ఉంటే ఆయనతో పేచీ పెట్టుకోకు. ఆయన సరేనంటే ఇంట్లో తేల్చుకోవడం తొందరగా అవుతుంది.

ఇక లేబర్ రూము. డ్యూటీ మొదట్లో నీ చేత్తో నువ్వే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా? కరెంటు పోయిన రాత్రి దాన్నెవరు చూశారు? వేడికి చెడిన ఆంపూల్ పైకి మామూలుగానే కనిపిస్తుంది, ఇచ్చాక గర్భసంచి మాత్రం బిగుసుకోదు. అంబూ బ్యాగ్ పక్కన 0, 1 సైజు మాస్కులు రెండూ ఉన్నాయా? చాలాచోట్ల పెద్దవాళ్ల మాస్కు ఒక్కటే దొరుకుతుంది, చిన్నవి బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటాయి. బిడ్డ పుట్టి ఏడవకపోతే నీ చేతిలో ఉండేది ఒక్క నిమిషం. తుడువు, వెచ్చగా ఉంచు, తల సరిగా పెట్టు, మాస్కు ముక్కునీ నోటినీ కప్పి, కళ్ల మీదికి రాకుండా ఆనించి బ్యాగ్ నొక్కు. ఛాతీ లేస్తోందో లేదో చూడు. లేవకపోతే తల సర్ది మళ్లీ నొక్కు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపు చరిచే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది, నీ గదిలో మాన్పించు.

రక్తస్రావాన్ని కంటితో అంచనా వెయ్యకు. ఎంత అనుభవమున్నవాళ్లైనా తక్కువే చెబుతారు, మంచం కింద గుడ్డలు పీల్చుకున్నది ఎవరికీ కనబడదు. నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేసి 2023లో వెల్లడించిన ఈ-మోటివ్ అనే పరిశోధనలో కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచారు. ఎక్కువ పోతోందని తేలగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్ ఒకదాని కోసం ఇంకొకటి ఆగకుండా అన్నీ మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల చావు కలిపి చూస్తే అరవై శాతం తగ్గాయి. అరలీటరు దాటిందని తెలుసుకోవడానికి ఒక ప్లాస్టిక్ సంచి చాలింది చూడు. పెద్ద యంత్రాల కోసం ఇండెంట్లు తర్వాత పెట్టుకోవచ్చు.

గుర్రపువాతం (ఎక్లాంప్సియా) సంగతి ఎక్కువ చెప్పను. తలనొప్పి, కళ్లు మసకలు అన్న మనిషికి బీపీ చూడకుండా పారాసెటమాల్ ఇచ్చి ఎవరూ పంపకూడదు, అంతే.

రిఫర్ చెయ్యడానికి మొహమాటపడకు. కానీ చీటీ రాసిచ్చి బండెక్కిస్తే నీ బాధ్యత తీరిపోదు. పాడేరు ఆసుపత్రికి ఫోన్ చేసి బ్లడ్ గ్రూపు చెప్పు. గుర్రపువాతానికి మెగ్నీషియం ఇవ్వాల్సిన మనిషైతే మొదటి మోతాదు ఇచ్చే పంపు. అక్కడా కుదరక విశాఖ కేజీహెచ్‌కి పోవాల్సివస్తే ఘాట్ రోడ్డుతో కలిపి వందకు పైగా కిలోమీటర్లు, నర్సు తోడు లేకుండా పంపకు. బరువు తక్కువ బిడ్డని టవల్లో చుట్టి వేరే ఒళ్లో పెట్టొద్దు. తల్లికి ఒంట్లో బాగుంటే ఆమె గుండెల మీదే బిడ్డ చర్మం ఆనేలా కట్టి పంపు, ఆమెకి చేతకాకపోతే అమ్మమ్మ రొమ్ముకైనా సరే. దారిలో చలికి పోయే బిడ్డలే ఎక్కువమంది, నా కళ్లతో చూసిందాన్నిబట్టి చెబుతున్నాను.

మాటతీరు గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. నొప్పులు పడుతున్న ఆడదాన్ని "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అనడం మన లేబర్ రూముల్లో తరాలుగా ఉన్న జాడ్యం. కొండ మనిషితో ఆ మాట మన భాషలో అంటారు, ఆమెకు వచ్చింది కువి భాషో, ఆదివాసీ ఒడియానో. మాట తెలియకపోయినా మొహం తెలుస్తుంది. ఆ గదికి ఆమె రెండో కాన్పుకి రాదు, తోటికోడల్నీ రానివ్వదు. ఆమె భాష వచ్చిన ఆడమనిషిని ఎవరినైనా పక్కన ఉండనివ్వు, అడ్డమేమీ కాదు.

ఇంటికి పంపాక ఆశా కార్యకర్త కాన్పు అయిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి చూడాలి. ఇదేదో కాగితాల తంతు అనుకోకు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకున్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్ల దగ్గర పసిబిడ్డల్ని చూయించారు. నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో అచ్చయింది. ఆ పని చేసే ఆశాకి దక్కేది కొద్దిపాటి డబ్బే. అదీ నీ టేబుల్ మీద సంతకం కోసం నెలల తరబడి ఆగితే ఆమె కొండెక్కడం మానేస్తుంది, తప్పు ఆమెది కాదు.

చేరిన వారంలోనే, వచ్చే మూడు నెలల్లో పురుడొచ్చేవాళ్ల జాబితా ఒకటి రాయించి పంపు. పేర్లొద్దు. ఊరు, రోడ్డు దాకా నడక ఎంత, మధ్యలో వాగుందా, ఎన్నో కాన్పు, రక్తం ఎంత ఉంది, ఇవి చాలు. ఆదివారం ఫోన్లో కూర్చుని ఎవర్ని ముందు దించాలో ఇద్దరం చూద్దాం. సంక్రాంతికి రాలేవని మీ నాన్నకి నేను చెబుతాలే.

నీ మేనత్త