ఒక్క అంకె గుర్తుంటే చాలు: బ్లాక్‌జాక్‌లో ముక్కల లెక్క

రమ్మీలో పక్కవాళ్ళు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో గుర్తుపెట్టుకోవడం మనవాళ్ళకు అలవాటే. బ్లాక్‌జాక్ లెక్కకు అంత జ్ఞాపకశక్తి కూడా అక్కర్లేదు. మనసులో ఒక్క అంకె నిలుపుకోగలిగితే చాలు. గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థోర్ప్ 1962లో ‘బీట్ ది డీలర్’ పుస్తకంతో ఈ దారి చూపించాడు. ఇప్పుడు కొత్తవాళ్ళకు ఎక్కువగా నేర్పేది హై-లో పద్ధతి.

ముందుగా బేసిక్ స్ట్రాటజీ పట్టిక కంఠతా రావాలి. ఏ చేతికి ముక్క అడగాలో, ఎప్పుడు ఆగాలో తెలియనివాళ్ళకు లెక్క ఎందుకూ పనికిరాదు.

ఇక లెక్క. 2 నుంచి 6 వరకు ఏది పడినా ఒకటి కలపండి. 7, 8, 9 వదిలేయండి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేయండి. వరసగా 5, రాజు, 3, 6, 9, ఆసు, 2 పడ్డాయనుకోండి. అంకె ఇలా నడుస్తుంది: 1, 0, 1, 2, 2, 1, 2. అంకె పెరిగిందంటే చిన్న ముక్కలు ఖర్చయిపోయి, పెద్దవి లోపల మిగిలాయని అర్థం. అప్పుడు మనకు బ్లాక్‌జాక్, అంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ పది విలువ ముక్కా కలిసి 21, పడే అవకాశం పెరుగుతుంది. 16 వరకు ఉంటే ముక్క తీయక తప్పని డీలర్, 21 దాటి ఓడిపోవడమూ పెరుగుతుంది.

సాధనకు జోకర్లు తీసేసిన ఒక పేక తీసుకోండి. చూడకుండా ఒక ముక్క పక్కన బోర్లించి, మిగతా 51 తిప్పుతూ లెక్కపెట్టండి. చివరికి 1 వస్తే బోర్లించింది పెద్ద ముక్క, మైనస్ 1 వస్తే చిన్నది, సున్నా వస్తే 7, 8, 9లలో ఒకటి. తిప్పి చూసుకోండి. తప్పితే మళ్ళీ మొదటినుంచి! అరనిమిషంలో పేక పూర్తయ్యేదాకా ఇదే పని.

కొత్తవాళ్ళు బోల్తాపడేది ఆ తర్వాతి మెట్టు మీద. కేసినోలో తరచుగా ఆరు పేకలు కలిపి ఆడిస్తారు. అంకె 6 ఉన్నా, లోపల ఇంకా ఐదు పేకలుంటే దాని విలువ ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. రెండే మిగిలితే అదే 6, మూడవుతుంది. మిగిలిన పేకలతో భాగిస్తే వచ్చేదే అసలు అంకె. అది 2 దాటాకే పందెం పెంచాలి.

బల్ల ఎంచుకోవడంలోనూ జాగ్రత్త. బ్లాక్‌జాక్‌కు 10 డాలర్లకు 15 ఇచ్చే చోటే కూర్చోండి, 12 ఇచ్చే చోట వద్దు. ముక్కలను ఎప్పటికప్పుడు కలిపేసే యంత్రం ఉన్నచోట లెక్క సాగదు.

లెక్క బాగా వచ్చినా దక్కే మొగ్గు వందకు ఒకటి, అటూఇటూ. గంటల తరబడి ఓడిపోవడం మామూలే. నెవాడాలో బుర్రతో లెక్కపెట్టడం నేరం కాదు, కానీ కేసినోవాళ్ళు మిమ్మల్ని లేచి వెళ్ళమనవచ్చు. లెక్కకు యంత్రం వాడితే మాత్రం అది నేరమే. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం నిషేధం. ఇంట్లో నేర్చుకోవడానికి ఒక్క పేక చాలు, పందెం జోలికి వెళ్ళకండి.