దోషము చేతిదా, తీగదా?
(ఎలక్ట్రిక్ గిటారు తీగల ఎత్తును ఇంటివద్దనే సరిచేసికొనుటనుగూర్చిన పాఠము)



మన పల్లె సంఘములలో ఇప్పుడు హార్మోనియము, డోలకులతోపాటు ఎలక్ట్రిక్ గిటారు కూడ వినబడుచున్నది. దానిని కొనుటకు మనము చందాలు వేసికొందుము గాని, కొనినపిమ్మట దానిని సరిగా ఉంచుకొను విధము అనేకులకు తెలియదు. మా సంఘములో జరిగిన ఒక సంగతితో ఈ పాఠమును ఆరంభింతుము.

మా యౌవనస్థులు పంట డబ్బులలోనుండి తలా కొంత వేసికొని పాత గిటారు ఒకటి కొనిరి. వాయించుటకు పూనుకొనిన చిన్నవాడు మూడు వారములకే వ్రేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా చేతికి ఈ విద్య పట్టదండి. ఇంకెవరికైనా ఇప్పించండి" అనెను. వెంట వచ్చిన తండ్రి, "పార పట్టే చేతికి తీగలెందుకురా అని ముందే చెప్పానండి" అని నవ్వెను. చిన్నవాడు తల వంచుకొనెను. మేము గిటారు తీసి చూడగా, 12వ మెట్టువద్ద తీగ క్రింద రెండు రూపాయి బిళ్లలు దూరునంత సందుండెను. దోషము వాని చేతిది కాదు, తీగది.

అయితే తరువాత మేము చేసిన పొరపాటును కూడ చెప్పవలెను. తొందరపడి మరలన్నిటిని ఒకేసారి దించితిమి. వ్రేళ్లకు హాయిగానే ఉండెను గాని, ఆదివారము పాట ఎత్తుకొనగానే తీగలు కందిరీగలవలె జుమ్మనెను. చిన్నవాడు పాట నడుమనే చేయి తీసివేసెను. మేము చేసిన పని అవసరమైనదే గాని దాని వరుస తప్పినది. ఆ వరుసయే ఈ పాఠము.

1. ఎత్తు అనగా నేమి?

వీణకువలెనే గిటారు మెడమీదను మెట్లు గలవు, వీటినే ఫ్రెట్లందురు. మెట్టునకును దానిపైనున్న తీగకును నడుమనుండు సందే తీగ ఎత్తు. ఈ సందు ఎక్కువైనయెడల గట్టిగా నొక్కవలెను, వ్రేళ్లు నొచ్చును, తీగ మిక్కిలి సాగుటచేత స్వరము కూడ హెచ్చును. సందు తక్కువైనయెడల ఊగుచున్న తీగ ముందరి మెట్లకు తగిలి రొద చేయును. తంబురాలో ఆ జుమ్మను నాదము కొరకే తీగ క్రింద దారము పెట్టి సవరింతురు. గిటారులో అదే నాదము లోపము. కాబట్టి వ్రేలికి సుఖము, చెవికి శుద్ధి, ఈ రెండును కలియు చోటును వెదకుటయే మన పని.

2. ముందు శ్రుతి, తరువాత మెడ

తీగలు తుప్పుపట్టియున్న యెడల మొదట క్రొత్తవి వేయవలెను. తరువాత లావు తీగనుండి సన్న తీగవరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అను వరుసలో శ్రుతి చేయవలెను. ఏలయనగా సాధారణపు ఆరు తీగలు శ్రుతిలో నున్నప్పుడు మెడను ఇంచుమించు 45 కిలోల బలముతో లాగుచుండును. ఆ లాగుడుకు మెడ కొంచెము వంగును. శ్రుతి లేని గిటారును కొలుచుట, ఖాళీ బండిని తూచి ధాన్యపు బరువు చెప్పుటవంటిది.

మెడ వంపును ఇట్లు చూడవలెను. లావు తీగను మొదటి మెట్టువద్ద ఒక చేతితోను, కడపటి మెట్టువద్ద రెండవ చేతితోను నొక్కిపట్టుడి. అప్పుడు ఆ తీగయే తిన్నని కొలబద్దయగును. మరియొకరు 8వ మెట్టునకును తీగకును నడుమనున్న సందును చూడవలెను. అది ఇంచుమించు 0.25 మిల్లీమీటర్లు ఉండవలెను. మోటారు సైకిలు మెకానికులు టాపెట్లు సరిచేయుటకు వాడు ఫీలర్ గేజ్ దీనికి చక్కగా సరిపోవును.

మెడలో దాగియున్న ఇనుప కడ్డీని ట్రస్ రాడ్ అందురు. గిబ్సన్ కంపెనీకి చెందిన థాడియస్ మెక్‌హ్యూ దీనికి 1923లో పేటెంటు పొందెను. దాని కొనను కుడివైపునకు బిగించిన యెడల వంపు తగ్గును. ఎడమవైపునకు వదులు చేసిన యెడల వంపు పెరుగును. ఒకసారికి పావు చుట్టుకంటె ఎక్కువ త్రిప్పరాదు. త్రిప్పిన తరువాత మరల శ్రుతి చేసి చూడవలెను. మర బిగుసుకొనియున్న యెడల బలవంతము చేయక, తెలిసిన పనివానికి చూపుడి. కడ్డీ విరిగిన యెడల మెడకే మోసము వచ్చును. మరియు ఈ కడ్డీ వంపును సరిచేయుటకే గాని తీగ ఎత్తును తగ్గించుటకు కాదు.

3. ఎత్తును కొలుచుట, మార్చుట

ఉక్కు కొలబద్దను 17వ మెట్టుమీద నిలువుగా నిలిపి, తీగ అడుగువరకు కొలువుడి. బడిపిల్లల కొలబద్దలు కొన్నిటిలో సున్న గీత అంచున ఉండదు, అట్టిది పనికిరాదు. 9.5 మొదలు 12 అంగుళముల వంపు గల మెడలకు ఫెండర్ కంపెనీ చెప్పు కొలత ఇంచుమించు 1.6 మిల్లీమీటర్లు. ఇది ఆరంభమునకే గాని శాసనము కాదు. గట్టిగా మీటువారికి కొంచెము ఎక్కువ కావలెను.

బ్రిడ్జిలు ముఖ్యముగా రెండు విధములు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టరు వంటి వాటిలో ప్రతి తీగకును వేరువేరుగా ఒక చిన్న శాడిలు, దానికి రెండు సన్నని మరలు ఉండును. వాటిని చిన్న అలెన్ కీతో త్రిప్పవలెను. రెండు మరలను సమానముగా త్రిప్పనియెడల శాడిలు ఒరిగిపోవును. గిబ్సన్ విధపు బ్రిడ్జిలో రెండు కొనలయందు చక్రములుండును. వాటిచేత బ్రిడ్జి అంతయు ఒక్కసారే లేచును, దిగును.

ఎత్తవలసి వచ్చినప్పుడు ముందు తీగను వదులు చేయుడి. లేనియెడల మర తల అరిగిపోవును. ప్రతి మార్పునకును మరల శ్రుతి, మరల కొలత. మెడ పైభాగము గుండ్రముగా నుండును గనుక నడిమి తీగలు అంచు తీగలకంటె కొంచెము ఎత్తుగా నుండి ఆ వంపునే అనుసరింపవలెను.

4. చెవితో పరీక్ష

ఇప్పుడు ప్రతి తీగను ప్రతి మెట్టుమీదను నొక్కి, మామూలు బలముతో మీటి వినుడి. అన్ని మెట్లయందును రొద వచ్చిన యెడల ఆ తీగను కొంచెము ఎత్తుడి. మొదటి మెట్లయందు మాత్రమే వచ్చిన యెడల మెడ వంపును మరల చూడుడి. ఒక్కచోట మాత్రమే వచ్చిన యెడల అక్కడి మెట్టు పైకి లేచియుండవచ్చును. అది శాడిలుతో తీరు పని కాదు. చేతిలో వినబడు కొద్దిపాటి రొద యాంప్లిఫయరులో వినబడని యెడల దానినిగూర్చి చింతింప నక్కరలేదు.

కడపట, 12వ మెట్టుపై తీగను తేలికగా తాకి పుట్టించిన స్వరమును, అక్కడనే నొక్కి పుట్టించిన స్వరమును ట్యూనరుతో పోల్చుడి. నొక్కిన స్వరము హెచ్చుగా నున్న యెడల శాడిలును వెనుకకు జరుపవలెను; తగ్గుగా నున్న యెడల ముందుకు జరుపవలెను. ఎత్తు మారినప్పుడెల్ల దీనిని చూచుట మంచిది. ఎండకును వానకును కొయ్య కదలును గనుక కాలము మారినప్పుడు ఈ వరుసయంతయు మరియొకసారి చేయవలెను.

5. మనము నేర్చుకొనవలసినది

ఆ సాయంకాలము మేము మొదటినుండి మరల ఆరంభించితిమి. ఫీలర్ గేజును చిన్నవాని తండ్రియే మెకానికు నడిగి తెచ్చెను. అతడే దీపము దగ్గర వంగి సందు చూచెను. రెండు గంటలు పట్టెను. పిమ్మట చిన్నవాడు తీగను నొక్కి, పీలిక లేని వ్రేలివంక చూచుకొనెను. తండ్రి మాత్రము, "ఇంత చిన్న సందా, వాణ్ణి అంత బాధ పెట్టింది!" అనెను.

నేర్చుకొనువాడు వెనుకబడినప్పుడు వాని చేతిని నిందించుటకు ముందు, వాని చేతికిచ్చిన పనిముట్టును కొలిచి చూతము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. శ్రుతి చేయకమునుపు తీగ ఎత్తును ఏల కొలువరాదు?
2. ట్రస్ రాడ్ దేనికి? దేనికి కాదు?
3. ఒక్క మెట్టువద్దనే రొద వచ్చిన యెడల ఏమని తలంపవలెను?
4. మీ సంఘములో వాయించుట మానివేసినవారి వాద్యమును ఎవరైనను పరీక్షించిరా?