ముంగిటిలో అంబాసిడరు

అనంతపురంలో వేపచెట్టు నీడన నిలిచిన పాత అంబాసిడరును చూచి, అది స్పోర్ట్స్ కారుకు బంధువని ఎవరూ అనుకోరు. 1955లో బ్రిటనులో వెలువడిన ఎం.జి.ఏ. అనే స్పోర్ట్స్ కారులోనిదీ, 1959 నుండి అంబాసిడరుకు అమర్చినదీ ఒకే వంశపు ఇంజను. 1489 ఘనపు సెంటీమీటర్ల బి-సిరీస్. అక్కడి ఔత్సాహికులు ఇంటివద్ద చేసుకునే మరమ్మతులే ఇక్కడి యజమానికీ అవసరమవుతాయి.

అయితే కరవుసీమలో కష్టాలు వేరు. బోరునీటిలోని లవణాలు రేడియేటరులో పొరగా పేరుకుంటాయి. డిస్టిల్డ్ వాటరు పోయడం మేలు. వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరియై బండి ఆగిపోతుంది. అప్పుడు డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ వేసి కాసేపు ఆగుతారు. గ్రంథాలలో వెదకనక్కరలేని వైద్యమిది!

అన్నింటికన్నా నమ్మరానిది ఇంజను నిశ్శబ్దం. మన దేశంలో 2000లో సీసం కలిసిన పెట్రోలు నిలిచిపోయింది. పాత ఇంజన్లలో ఎగ్జాస్టు వాల్వు ఆనే అంచును కాపాడినది ఆ సీసమే. అది లేకపోవడంతో, అధిక వేగంతో దూరాలు నడిపినప్పుడు అంచు అరిగి వాల్వు హెడ్డులోనికి కుంగుతుంది. ట్యాపెట్ వద్ద ఖాళీ తగ్గి, టకటక శబ్దం అణగుతుంది. బండి బాగుపడిందని యజమాని సంతోషిస్తాడు. ఖాళీ పూర్తిగా పోతే వాల్వు మూసుకోక కాలిపోతుంది. కనుక అప్పుడప్పుడు ఫీలర్ గేజితో కొలిచి, కారుతో ఇచ్చిన పుస్తకం చెప్పిన ఖాళీని, దాదాపు 0.38 మిల్లీమీటర్లను, సరిచేయాలి. గట్టి లోహపు సీట్లు పెట్టించడం మాత్రం ముంగిటిలో అయ్యే పని కాదు. హెడ్డును విప్పి వర్క్‌షాపుకు మోసుకుపోవలసిందే.