నిద్ర లేవని ల్యాప్‌టాప్

దంతాలపల్లి మండలంలో పడిన వానల లెక్కలను ప్రాజెక్టు కోసం టైపు చేస్తూ, అన్నానికి లేచి ల్యాప్‌టాప్ మూత వేశారనుకోండి. తిరిగివచ్చి తెరిస్తే తెర నల్లగానే ఉంది! వెంటనే పవర్ బటన్‌ను నొక్కిపట్టకండి. ఎందుకంటారా? నిద్రలో ఉన్న యంత్రం నివురుగప్పిన నిప్పులాంటిది. ర్యామ్ అనే జ్ఞాపకశక్తి భాగానికి కొద్దిపాటి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. మీరు సేవ్ చేయని లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. విద్యుత్తు ఆగిందా, అవీ పోతాయి.

ముందు ఛార్జర్ తగిలించి, పవర్ బటన్‌ను ఒక్కసారి నొక్కి వదలండి. చిన్న దీపం వెలిగి, ఫ్యాను తిరుగుతున్నా తెర రాలేదంటే, తెరను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాము మొరాయించి ఉండవచ్చు. విండోస్ 10, 11లలో అయితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలను పట్టుకొని 'బి' నొక్కండి. ఆ డ్రైవర్ ఒక్కటే మళ్ళీ మొదలవుతుంది, లెక్కలు చెక్కుచెదరవు. దానికీ ఉలుకూ పలుకూ లేకపోతేనే పవర్ బటన్‌ను సుమారు 10 సెకన్లు నొక్కిపట్టండి.