మేక గుండె ఫార్మలిన్‌లో ఎంత మారుతుంది? కొలిచి చూద్దాం

అనాటమీ మ్యూజియం సీసాల్లోని గుండెలు బూడిదరంగుకు తిరిగి, గట్టిపడి ఉంటాయి. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్ల మధ్య అడ్డబంధాలు వేస్తుంది. కుళ్లు ఆగేదీ, కండరం బిగిసేదీ అందుకే. ఆ బిగువులో కొలతలు ఎంత మారతాయో మనమే చూద్దాం. ఇది ఇంట్లో చేసే పని కాదు. కాలేజీ ల్యాబులో, ఫ్యూమ్ హుడ్ కింద, టీచర్ దగ్గరుండగా చేయాలి.

కావలసినవి

- కోయని మేక గుండెకాయ. మాంసం కొట్టులో ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అలవాటుకొద్దీ చీల్చి ఇస్తారు.
- 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, ముక్క బరువుకు కనీసం పది రెట్లు. ఇందులో ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతమే. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు.
- ఉప్పునీరు (0.9 శాతం), గాజుగుడ్డ, పొడవాటి కత్తి, వెర్నియర్ కాలిపర్స్, తూకం, నల్లదారం, సూది.
- నైట్రైల్ చేతితొడుగులు, రక్షణ కళ్లద్దాలు. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే వైద్యుడు ఫార్మాల్డిహైడ్‌కున్న గట్టిపరిచే గుణాన్ని గమనించింది తన వేళ్ల చర్మం గట్టిపడటం చూసే! ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం కూడా.

పద్ధతి

1. మేకను కోసిన సమయం అడిగి రాసుకుందాం. అనవసరమనిపిస్తుంది కానీ అన్నిటికన్నా ముఖ్యం ఇదే. చావు తర్వాత గుండె కండరం తనంతట తానే బిగుసుకుంటుంది. దాంతో ఎడమ జఠరిక గోడ మందంగా కనిపించవచ్చు. ఆ బిగింపును ఫార్మలిన్ ఖాతాలో వేస్తే లెక్కంతా తప్పుతుంది.

2. గదుల్లోని గడ్డకట్టిన రక్తాన్ని ఉప్పునీటితో మెల్లగా కడుగుదాం. మంచినీళ్లు వద్దు, కణాలు ఉబ్బుతాయి.

3. జఠరికల మధ్యభాగంలో, ఒక్కొక్కటి సెంటీమీటరు మందంలో, పక్కపక్కనే రెండు వలయాలు అడ్డంగా కోద్దాం. రంపంలా ఆడించకుండా కత్తిని ఒకే దిశలో లాగండి.

4. ప్రతి వలయంలో ఎడమ జఠరిక గోడ మీద మూడు చోట్ల దారపు ముడి వేద్దాం. తర్వాత మళ్లీ కొలవాల్సింది సరిగ్గా ఆ ముడి దగ్గరే. నొక్కకుండా, కాలిపర్ కండరానికి తాకీ తాకనట్టు ఉంచి మందం రాసుకుందాం. తడి అద్ది బరువు తూచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీద్దాం.

5. సీసా అడుగున గాజుగుడ్డ వేసి, మొదటి వలయాన్ని ఫార్మలిన్‌లో పెడదాం. ముక్క అడుగుకు అంటుకుంటే ఆ వైపు ద్రవం చేరదు. రెండోదాన్ని ఉప్పునీటిలో తడిపిన గాజుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచుదాం. అది మన పోలిక ముక్క.

6. రెండురోజుల తర్వాత, ఫార్మలిన్ ముక్కను ధారగా పడే నీటిలో కడిగి, అదే తీరున తడి అద్ది, అవే ముడుల దగ్గర మళ్లీ కొలుద్దాం, తూద్దాం. పోలిక ముక్కనూ అలాగే. పోలిక ముక్కలో కూడా మార్పు వస్తే అది ఫార్మలిన్ పని కాదు కదా. ఆ మార్పును తీసేసి మిగిలిందే లెక్కవేద్దాం. బరువు తగ్గాలని ముందే అనుకోకండి, కొన్నిసార్లు పెరుగుతుంది.

గుండె పైసగాన్ని పారేయకండి. కర్ణికల్లో దూది కూర్చి విడిగా ఫార్మలిన్‌లో వేయండి. కవాటాలు చూడటానికి పనికొస్తుంది. దూది లేకపోతే గోడలు ఒకదానికొకటి అంటుకుని అలాగే గట్టిపడిపోతాయి, తర్వాత విడదీయలేం.

జరిగే పొరపాట్లు

మొత్తం గుండెను ఒకేసారి సీసాలో వేసేయడం ఎక్కువగా చూస్తుంటాను. ఫార్మలిన్ లోపలికి చాలా మెల్లగా దిగుతుంది. పైపొర గట్టిపడినా మధ్యలో కండరం పాడవుతూనే ఉంటుంది. ఫార్మలిన్ ముక్కను పోలిక ముక్కతో కాక, పుస్తకంలోని అంకెతో పోల్చడం ఇంకొకటి.

బఫర్ లేని పాత ఫార్మలిన్ ఆమ్లంగా మారి, రక్తం ఉన్నచోట నల్లని చుక్కలు వదులుతుంది. సూక్ష్మదర్శిని కింద వాటిని రోగలక్షణమని పొరబడేవాళ్లున్నారు. గుండెను ముందు డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి. మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి.

వాడిన ఫార్మలిన్‌ను సింకులో పోయకుండా, పేరూ తేదీ రాసిన మూత డబ్బాలో ల్యాబువాళ్లకు అప్పగించండి.