జొన్నరొట్టె, పుంటికూర, అవిసె కారం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. వయసు 54. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువుందని మందు రాశారు. మా అమ్మ వండినట్టు జొన్నరొట్టె, పుంటికూర, పప్పు తింటే తగ్గుతుందా?

జవాబు: తప్పకుండా మేలు చేస్తుందండీ. పుంటికూరను మీ మరాఠీ పొరుగువాళ్లు అంబాడీ అంటారు, అవిసెలను జవస్ అంటారు. పేర్లు వేరైనా విదర్భలో రెండిళ్ల తిండీ ఒకటే. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. పప్పుల్లోని కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్లీ పైత్యరసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. అలా తగ్గుతుంది.

అవిసెలను దోరగా వేయించి కారం కొట్టుకోండి, రోజుకు ఒకటి రెండు చెంచాలు. గింజలు అలాగే మింగితే అరక్కుండా పోతాయి, ఒమేగా-3 ఒంటికి పట్టదు.

నా భయమంతా రొట్టె పక్కన పెట్టుకునే వాటి గురించే. ఊరగాయ, అప్పడం, ఉప్పు మిరపకాయలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు వాడమంటోంది, అంటే అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచా. వంటలో వనస్పతి కూడా మానేయండి.

కొలెస్ట్రాల్ మందు మాత్రం సొంతంగా ఆపకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతుంటే ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు, ముందు మీ డాక్టర్‌కు చెప్పండి. మూడు నెలలయ్యాక రక్తపరీక్ష చేయించుకోండి.