పాల వ్యానులో స్టెప్నీ: ఎక్కడ ఉంచాలి, ఎలా ఉంచాలి?



పశువు మేత, పొదుగు శుభ్రత, పాత్రల శుభ్రత, వెన్న శాతం మొదలైన వాటిని గురించి మనం ఎన్నో పాఠాలు చదువుకున్నాం. ఈ పాఠంలో చెప్పబోయే వస్తువు పాల సంఘంలో సాధారణంగా ఎవరికీ గుర్తుకు రానిది. అది పాల వ్యానుకు ఉండే అదనపు చక్రం. మనమంతా దానిని స్టెప్నీ అంటాం. "టైరు సంగతి డ్రైవరు చూసుకుంటాడు, సంఘానికి దానితో పనేమిటి?" అని మీరు అడగవచ్చు. సంఘానికి ఉన్న పని ఏమిటో నా అనుభవంలోని ఒక సంగతి ద్వారా మనవి చేస్తాను.

ఒక ఉదయం జరిగిన సంగతి

కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో నేను తనిఖీకి గిలకలదిండి వైపు వెళ్లాను. ఆ చుట్టుపక్కల గ్రామాలు తిరిగి బందరు చేరవలసిన పాల వ్యాను దారిలో ఒక కల్వర్టు దాటగానే పంక్చరై ఆగిపోయింది. వ్యాను వెనుక భాగం నాలుగు వైపులా రేకుతో మూసిన పెట్టె. అందులో 40 లీటర్ల క్యాన్లు పది ఉన్నాయి.

స్టెప్నీ ఉండవలసిన చోటు చాసిస్ కింద. అయితే దానిని వేలాడదీసే గొలుసు ఉప్పు గాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అందుచేత వ్యాను యజమాని స్టెప్నీని పెట్టె లోపల, క్యాబిన్ వైపు గోడకు ఆనించి పెట్టాడు. దాని ముందు పది క్యాన్లు నిలబడి ఉన్నాయి. నిండు క్యాను ఒక్కొక్కటి సుమారు 50 కిలోలు. డ్రైవరు, క్లీనరు కలిసి పది క్యాన్లనూ దించి రోడ్డు పక్కన ఎండలో పెట్టారు. తరువాత జాకీ పెడితే అది రేగడి మట్టిలో దిగబడింది. పలక కోసం ఒకరు ఊళ్లోకి పరుగెత్తారు. తీరా చక్రం బిగించి జాకీ దించితే స్టెప్నీలో గాలి లేదు!

వ్యాను బందరు చేరేసరికి రెండు గంటలకు పైగా ఆలస్యమైంది. కేంద్రంలో పాలు మరిగించి చూస్తే పదింటిలో ఆరు క్యాన్ల పాలు విరిగిపోయాయి. 240 లీటర్లు. లీటరు 50 రూపాయల చొప్పున లెక్క వేసుకున్నా 12,000 రూపాయలు. వ్యాను అద్దె ఒప్పందంలో స్టెప్నీ మాట లేదు కనుక నష్టం సంఘం మీదనే, అనగా సభ్యుల మీదనే పడింది.

తరువాత జరిగిన సమావేశంలో ఒక్క గేదె ఉన్న ఒక పెద్దావిడ లేచి, "అయ్యా ఇనస్పెక్టరుగారూ, నేను పోసిన పాలు బాగానే ఉన్నాయని మీ పుస్తకంలోనే రాశారు గదా! మరి టైరు చేసిన తప్పుకు నా డబ్బులు ఎందుకు పోయాయండీ?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. ఆమె ప్రశ్నే ఈ పాఠానికి కారణం.

స్టెప్నీ అనే పేరు

తొలి రోజుల మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే దారిలోనే టైరు ఊడదీసి అతుకు వేసుకోవలసి వచ్చేది. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లి అనే పట్టణంలో డేవిస్ సోదరులు, గాలి నింపిన టైరుతో సహా ఒక అదనపు రిమ్మును తయారుచేశారు. పంక్చరైన చక్రానికే దానిని బిగించి ప్రయాణం సాగించవచ్చు. వారి దుకాణం స్టెప్నీ వీధిలో ఉండేది. ఆ వీధి పేరే మన దేశంలో అదనపు చక్రానికి పేరుగా నిలిచిపోయింది. వెంటనే చేతికి అంది, వెంటనే వాడుకోగలగాలన్నదే దాని ఉద్దేశం. చేతికి అందని స్టెప్నీ వ్యానులో ఉన్నా లేనట్లే.

మూడు చోట్లు, వాటి మంచిచెడ్డలు

1. చాసిస్ కింద: కంపెనీ వారు అనేక వ్యాన్లకు ఇచ్చే చోటు ఇదే. పాలకు దూరంగా ఉంటుంది. క్యాన్లు దించవలసిన పని ఉండదు. కాని మన తీర ప్రాంతంలో చౌడు బురద, సముద్రపు గాలి, చేపల లారీల నుండి కారిన ఉప్పు నీరు దాని మీద నిత్యం పడుతుంటాయి. నెలకొకసారి దించి, కడిగి, గొలుసుకు గ్రీజు పూస్తే ఇబ్బంది ఉండదు. ఈ పని చేయగలిగిన వారు చోటు మార్చనక్కరలేదు.

2. పెట్టె పైకప్పు మీద: ఇది తగదు. ఎండకు రబ్బరు త్వరగా పాడవుతుంది. చిన్న వ్యాను చక్రమైనా రిమ్ముతో కలిపి పదిహేను, ఇరవై కిలోలు ఉంటుంది. దానిని పైనుంచి ఒక మనిషి దించబోతే దెబ్బ తగలవచ్చు.

3. మూసిన పెట్టె లోపల: ఎండ, బురద, దొంగల భయం తక్కువ. అందుకే చాలామంది ఇక్కడ పెడుతున్నారు. అయితే ఇది పాలు ఉండే గది. ఇక్కడ పెట్టేటప్పుడు ఈ కింది నియమాలు తప్పక పాటించాలి.

లోపల ఉంచేటప్పుడు పాటించవలసిన నియమాలు

క్యాను కదల్చకుండా చక్రం బయటికి రావాలి. పెట్టెకు పక్క తలుపు ఉంటే దాని దగ్గర, లేకుంటే వెనుక తలుపు పక్కన గోడకు అమర్చాలి. మిగిలిన నియమాలన్నీ దీని తరువాతివే.

గట్టిగా బిగించాలి. మోకుతో కట్టిన చక్రం గతుకులకు వదులవుతుంది. సడన్ బ్రేకు వేసినప్పుడు అది వెళ్లి క్యాన్లకు తగిలితే మూతలు ఊడి పాలు ఒలుకుతాయి. పెట్టె రేకుకు కాక, లోపలి ఇనుప స్తంభానికి పట్టీ వెల్డింగ్ చేయించి, రిమ్ము రంధ్రం గుండా బోల్టు వేసి నట్టు బిగించాలి. రేకుకు బిగిస్తే కొన్నాళ్లకు రేకు చిరుగుతుంది. ఇది వెల్డింగ్ షాపులో ఒక పూట పని.

నేలకు ఆనకూడదు. నేల నుండి అర అడుగు ఎత్తున ఉంటే రోజూ పెట్టె కడగడానికి వీలవుతుంది. నేల మీద ఉంచితే ఒలికిన పాలు టైరు కింద చేరి పులిసి ఈగలకు నిలయమవుతాయి.

పాలకు, టైరుకు మధ్య అడ్డు ఉండాలి. పాలు పక్కనున్న వాసనను పట్టుకుంటాయి. రేకు అడ్డు గాని, మందపాటి గుడ్డ తొడుగు గాని ఏర్పాటు చేయాలి. డీజిలు డబ్బా, ఆయిలు, గ్రీజు ఆ గదిలో అసలే ఉంచరాదు. అవి పాలకూ, రబ్బరుకూ కూడా శత్రువులు.

ఖాళీ సంచి ఒకటి ఉండాలి. చాలామంది ఈ సంగతి మరచిపోతారు. శుభ్రమైన స్టెప్నీ బయటికి వెళ్లాక, బురద పట్టిన పంక్చరు చక్రం అదే చోటికి వస్తుంది. దానిని సంచిలో వేసి గాని లోపల పెట్టరాదు.

వెనుక తగిలించి లాగే మూత ట్రైలరు విషయంలో మరొక జాగ్రత్త ఉంది. విదేశాలలో కార్లను ఇటువంటి ట్రైలర్లలో తీసుకుపోతారు. అక్కడ ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు ముందున్న కొక్కెం మీద పడేటట్లు చూస్తారు. బరువు ఇరుసుకు వెనుక ఎక్కువైతే ట్రైలరు పాములా ఊగుతుంది. అందుచేత స్టెప్నీని ఇరుసుకు ముందువైపు గోడకు బిగిస్తారు. సొంత ఇరుసుల మీద నిలిచే నాలుగు చక్రాల వ్యానుకు ఈ చిక్కు లేదు. అక్కడ అందుబాటే ముఖ్యం.

వాడని టైరు కూడా ముసలిదవుతుంది

స్టెప్నీ తిరగదు కనుక అరగదు. అందుచేత కొత్తదిలాగే కనిపిస్తుంది. కాని వేడికి, గాలికి రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్లు వస్తాయి. టైరు పక్కభాగాన తయారీ గుర్తులో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పదేళ్లు దాటిన టైరును, వాడినా వాడకపోయినా, మార్చివేయడం మంచిది.

గాలి కూడా ఊరికే తగ్గుతుంది. నెలకు ఒకటి రెండు పౌండ్ల ఒత్తిడి తగ్గడం సహజం. ఏడాది చూడకపోతే ఆ ఉదయం జరిగినట్లే జరుగుతుంది. నెలకొకసారి గాలి కొలవాలి. వాల్వు గది వైపుకు తిరిగి ఉండేలా చక్రం బిగిస్తే బోల్టు విప్పకుండానే కొలవవచ్చు.

స్టెప్నీతో పాటు జాకీ, వీల్ పానా, గాలి మీటరు, టార్చిలైటు ఉండాలి. మన డెల్టా మట్టికి జాకీ కింద వేయడానికి అడుగు చదరపు మందపాటి చెక్క పలక తప్పనిసరి. చక్రం మార్చాక 50 కిలోమీటర్ల లోపల నట్లు మరొకసారి బిగించాలి.

పాలకవర్గం చేయవలసిన పని

వ్యాను అద్దె ఒప్పందంలో స్టెప్నీ స్థితి, ఆలస్యం వల్ల విరిగిన పాల నష్టం ఎవరు భరించాలి అనే రెండు షరతులు స్పష్టంగా రాయించాలి. నెలకొకసారి కార్యదర్శి స్టెప్నీ గాలి కొలిపించి, రిజిస్టరులో తేదీతో సంతకం చేయాలి. మూడు నెలలకొకసారి నిండు లోడుతో ఉన్న వ్యానులో నుండి స్టెప్నీని బయటికి తీయించి, ఎంతసేపు పట్టిందో చూడాలి. అరగంటకు మించి ఆలస్యమయ్యేటట్లుంటే ఏ వ్యానును పిలవాలో ముందే నిర్ణయించి, ఆ ఫోను నంబరు వ్యాను తలుపు మీద రాయించాలి.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన వ్యాను స్టెప్నీ ఎక్కడ ఉంది? ఈ గదిలో ఉన్నవారిలో ఎందరు దానిని చూశారు?
2. ఒక్క క్యాను కూడా దించకుండా దానిని బయటికి తీయగలమా?
3. చివరిసారి దానిలో గాలి కొలిచిన తేదీ ఏది?
4. రేపు ఉదయం వ్యాను దారిలో ఆగి పాలు విరిగితే, మన ఒప్పందం ప్రకారం ఆ నష్టం ఎవరిది?

నాలుగవ ప్రశ్నకు సమాధానం "సభ్యులది" అయినట్లయితే, ఒప్పందం తిరగరాసే తీర్మానం ఆ సమావేశంలోనే చేయండి.